కారు చల్లదనము – కాయక ధర్మము

వేసవి వచ్చినచో కారు ఏసీలు బాగుచేయు షెడ్డులలో తరచుగా వినబడు మాట యొకటి కలదు: "గ్యాసు అయిపోయిందండి, నింపితే చాలు." ఈ మాట సత్యమా, అసత్యమా?

ఆ గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. కంప్రెసరు దానిని అదిమి పంపును; బండి ముందుభాగమునందలి కండెన్సరులో అది వేడిని విడిచి ద్రవమగును; సన్నని వాల్వును దాటి, కూలింగు కాయిలులో ఆవిరియగుచు లోపలి వేడిని గ్రహించి మరల కంప్రెసరునే చేరును. మూసిన వలయములో తిరుగు వస్తువు తగ్గినచో ఎక్కడనో కారినదనియే అర్థము. రబ్బరు గొట్టములనుండి ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా జారుట సహజమే. నిరుడు నింపినది ఈ యేడు లేదన్నచో మాత్రము లీకు కలదు. కావున "అయిపోయింది" అనుట అబద్ధమును కాదు, పూర్తి నిజమును కాదు.

పని తెలిసినవాడు నత్రజనిని ఒత్తిడితో పంపి, జాయింటులకు సబ్బునీరు పూసి లీకును పట్టును. పిమ్మట వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను లాగివేయును. తేమ మిగిలినచో లోపల ఆమ్లము పుట్టి లోహమును తినివేయును. వాల్వుయొద్ద మంచుగట్టి దారి మూయును. చివరకు బానెట్టు క్రింది చీటీపై నున్న తూకము ప్రకారమే గ్యాసు నింపును. చిన్న కారునకు సుమారు అర్ధకిలో. ఇందులో ఒక్కటియు యజమాని కంటబడదు. పంపు పది నిమిషములు తిరిగినదో, అరగంట తిరిగినదో అతని కేమి తెలియును? చల్లగాలి ఎటులైనను వచ్చును. పని కాయకమగునో కాదో ఈ చూడని చోటనే తేలునని నా అభిప్రాయము.

"యజమానియే తక్కువలో కానిమ్మనెను, ఇద్దరి సమ్మతియు నున్నది, దోషమేమి?" అని కొందరందురు. సమ్మతి ఇద్దరిదే, గాలి అందరిది. పూర్వము కార్లలో వాడిన ఆర్-12 జాతి వాయువులు ఓజోను పొరను హరించునని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. 1987లో మాంట్రియల్ ఒప్పందము జరిగెను. తరువాత వచ్చిన ఆర్-134ఏ ఓజోనుకు హాని చేయదు గాని, నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,400 రెట్లు భూమిని వేడిచేయును. ఇట్టివాని వాడకమును తగ్గించుటకే 2016లో కిగాలీ సవరణ వచ్చెను. భారతదేశము దానిని 2021లో ఆమోదించినది. అర్ధకిలో గ్యాసు గాలిలో కలియుట, ఏడువందల కిలోల బొగ్గుపులుసు వాయువు కలియుటతో సమానము. ఆ వేడిని ముందుగా మోయువాడు రోడ్డుపై తారు పోయు కూలివాడు. (కారు తన లోపలి వేడిని అతడున్న వీధిలోనే క్రుమ్మరించుచున్నదను సంగతి వేరు.) అతని సమ్మతి నెవరడిగిరి?

అట్లని నింద అంతయు మెకానిక్కుపై మోపుట న్యాయము కాదు. పాత గ్యాసును తిరిగి సిలిండరులోనికి పట్టు యంత్రము వెలగలది. చిన్న షెడ్డువాడు కొనలేడు. లీకు వెదకుటకు పట్టు రెండు గంటలకు కూలి ఈయనొల్లక బేరమాడు మనమే అతనిని సగము పనికి అలవాటు చేయుచున్నాము. దాసోహమునకు వేలు ఇచ్చు చేయి ఇచట ముడుచుకొనుట వింత. లీకు కట్టనిదే గ్యాసు నింపనని వచ్చిన బేరమును వదలుకొను మెకానిక్కులును లేకపోలేదు. అట్టివాని యొద్ద బండి నిలుపుదుమా, ప్రక్క షెడ్డునకు పోవుదుమా?