కనబడకపోతే లేనట్టేనా?

పాట పెడితే స్పీకర్లలో చిటపటలు వినబడుతున్నాయి. విండోస్‌తో వచ్చే డిఎక్స్‌డయాగ్ అనే పరీక్షా సాధనాన్ని తెరిచి సౌండ్ పేజీలోకి వెళితే, అడుగున ఉన్న గడిలో ‘సమస్యలేమీ కనబడలేదు’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. చెవి ఒకటి చెబుతోంది, యంత్రం ఇంకొకటి చెబుతోంది. ఇలాంటి చోట చాలామంది చెవిని పక్కనపెట్టి యంత్రం మాటే నమ్ముతారు. కానీ ఆ వాక్యం చెప్పింది ‘కనబడలేదు’ అని. మనం అర్థం చేసుకున్నది ‘లేదు’ అని. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించి మన దార్శనికులు వందల ఏళ్లు వాదించుకున్నారు. ఆ వాదం ఈ చిన్న గడికి పూర్తిగా వర్తిస్తుందని నా అభిప్రాయం.

నేలమీద కుండ లేదని మనకు ఎలా తెలుస్తుంది? లేని కుండకు కంటితో సంబంధం కుదరదు కదా. కుమారిలభట్టు మతాన్ని అనుసరించే మీమాంసకులు, వారితోపాటు అద్వైతులు, ఇందుకోసం అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. కుండ కనబడకపోవడమే కుండ లేదన్న జ్ఞానానికి సాధనం అన్నారు. నైయాయికులు నాలుగు ప్రమాణాల దగ్గరే ఆగారు. అభావాన్ని కూడా కన్నే పట్టుకుంటుంది, కనబడకపోవడం దానికి తోడ్పడుతుందంతే అన్నారు. తగువు ఎంత ఉన్నా ఒక షరతు దగ్గర ఇరుపక్షాలూ కలిశాయి. దాని పేరు యోగ్యత. కుండే గనక ఉంటే కనబడి తీరేది అని చెప్పగలిగిన చోటే కనబడకపోవడానికి విలువ. పట్టపగలు, ఊడ్చిన నేలమీద కనబడలేదంటే లేనట్టే. చీకటి గదిలో కనబడలేదంటే ఏమీ తేలనట్టు. కనబడలేదు గనక ఇక్కడ పిశాచం లేదు అనడానికి వీల్లేదని శాస్త్రకారులు ఉదాహరణ చెబుతారు. పిశాచం ఉన్నా కంటికి ఆనేది కాదు. పిశాచాలను నమ్మనివారికి కూడా ఇందులోని తర్కం చెల్లుతుంది.

డిఎక్స్‌డయాగ్ వెలుతురు ఎంతమేర పడుతుందో ఇప్పుడు చూడాలి. డ్రైవర్ ఫైలు పేరు, వెర్షన్, తేదీ, దానికి డిజిటల్ సంతకం ఉందా లేదా, గ్రాఫిక్స్ కార్డు డైరెక్ట్‌ఎక్స్‌లో ఏ స్థాయిని అందుకుంటుంది వంటివి దానికి కనబడతాయి. అలాంటి విషయాల్లో దాని మౌనాన్ని నమ్మవచ్చు. స్పీకరు తీగ వదులైతే దానికి తెలియదు. చిటపటల సంగతి ఇంకా లోతైనది. శబ్దానికి కావలసిన డేటా చిన్న చిన్న ముక్కలుగా వేళ తప్పకుండా అందుతూ ఉండాలి. వైఫై డ్రైవరో మరొకటో ప్రాసెసర్‌ను కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువ పట్టి ఉంచితే ఆ సరఫరా తెగి, చెవికి చిటపట తగులుతుంది. లోపం వినబడేది పాటలో, ఉన్నది వైఫైలో. సౌండ్ పేజీని ఎంతసేపు చూసినా అది కనబడదు, అక్కడ కనబడే యోగ్యతే దానికి లేదు. ఏ డ్రైవరు ప్రాసెసర్‌ను ఎంతసేపు ఆపుతోందో కొలిచే లేటెన్సీమాన్ లాంటి వేరే సాధనం కావాలి. లైనక్స్‌లోనూ ఇదే తీరు. ‘ఏప్లే -l’ అనే ఆదేశం సౌండు కార్డులను వరసగా చూపిస్తుంది గానీ, శబ్దం స్థాయిలను సరిచేసే ఆల్సామిక్సర్‌లో ఛానల్ మ్యూట్ అయి ఉందన్న సంగతి ఆ వరసలో ఉండదు.

విండోస్ ఎక్స్‌పీ నాటి డిఎక్స్‌డయాగ్‌లో ఈ హద్దుకు గౌరవం దక్కేది. పరీక్ష బటన్ నొక్కితే తెరమీద ఒక ఘనం గిర్రున తిరిగేది, లేదా స్పీకర్లలో శబ్దం వచ్చేది. ఆ వెంటనే కనబడిందా, వినబడిందా అని మనిషిని అడిగేది. శబ్దాన్ని పంపినట్టు యంత్రానికి తెలుసు. అది గదిలో మోగినట్టు తెలియదు. ప్రత్యక్షం మనిషిది, అందుకే ప్రశ్న మనిషికి వేసింది. విస్టాతో ఆ బటన్లు పోయాయి, గడిలోని వాక్యం మిగిలింది. ఇది నాకు నిజమైన నష్టంగానే తోస్తుంది.

డిజిటల్ సంతకం దగ్గర జరిగే పొరపాటు వేరే రకం. సంతకం శబ్దప్రమాణం, అంటే ఆప్తుడి మాట. 64-బిట్ విస్టా నుంచి కెర్నెల్‌లో చేరే డ్రైవర్లకు సంతకం తప్పనిసరి అయింది. ఈ ఫైలు ఎవరిది, సంతకం పడ్డాక ఎవరైనా మార్చారా అన్నంతవరకు సంతకం ఆప్తవాక్యమే. మీ ఇంటి కార్డు మీద అది సరిగా నడుస్తుందని ఆ ఆప్తుడు ఎన్నడూ అనలేదు.

ఇంత తర్కం దేనికి, తెర మొరాయించినప్పుడు డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తే బాగుపడింది, కాబట్టి లోపం డ్రైవర్‌దే అని ఎవరైనా అనవచ్చు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉపాధిని, అంటే హేతువు చాటున దాగిన షరతును, వివరించడానికి తీసుకున్న ఉదాహరణ దీనికి జవాబు. నిప్పుంది గనక పొగ ఉంటుంది అనడం తప్పు; పచ్చి కట్టె కూడా తోడైతేనే పొగ. డ్రైవర్‌ను తిరిగి వేసేటప్పుడు చాలాసార్లు కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వెలిగిస్తాం. కార్డు చల్లారుతుంది, మెమరీ ఖాళీ అవుతుంది. బాగుచేసింది కొత్త డ్రైవరా, ఆ విరామమా? అది విడదీయనిదే హేతువు నిలవదు. గ్రాఫిక్స్ కార్డు మామూలుగా రెండు సెకన్లలోగా బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టి, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసిందని చెబుతుంది. ఆ వాక్యంలో కర్త డ్రైవరే. అయితే వేడెక్కిన కార్డు, చాలని పవర్ సప్లై, చెడిన మెమరీ కూడా అదే వాక్యాన్ని పుట్టిస్తాయి.

యంత్రానికి పక్షపాతం లేదు, చెవి భ్రమపడవచ్చు కదా అన్న ఆక్షేపణ వీటన్నిటికన్నా బలమైనది. చెవి భ్రమపడవచ్చు, నిజమే. కుమారిలుడి సమాధానం ఏమంటే, పుట్టిన జ్ఞానం తనంతట తానే ప్రమాణం. దాన్ని తోసేయాలంటే దానికి విరుద్ధమైన జ్ఞానం కలగాలి, లేదా దాన్ని పుట్టించిన కారణంలో దోషం బయటపడాలి. ‘నాకు కనబడలేదు’ అన్నది ‘నాకు వినబడింది’ అన్నదానికి విరుద్ధం కాదు. చెవిలో దోషాన్ని అది చూపనూ లేదు. అసలు యంత్రానికి తెలియడమేమిటి, దానికి ప్రమాణచర్చ ఎందుకు అంటే, కంటికి కూడా ఏమీ తెలియదు. కన్ను సాధనం, తెలుసుకునేది దాని వెనకున్నవాడు. సాధనం హద్దు ఎరగవలసిన బాధ్యతా వాడిదే.

ప్రతి సాధనం హద్దును పరీక్షించడానికి మరో సాధనం, దానికి ఇంకొకటి కావాలంటే అంతెక్కడ? నైయాయికులు ఈ అనవస్థను ప్రవృత్తితో ఆపారు. దాహం వేసినవాడు ఎదురుగా ఉన్నది నీళ్లా ఎండమావా అని తేల్చుకునేది తాగి చూసి. ఇక్కడా చేయగలిగిన పని ఉంది. వైఫైని కాసేపు ఆపి అదే పాట మళ్లీ పెట్టాలి. చిటపట ఆగితే, వైఫైని తిరిగి పెట్టి మరోసారి వినాలి. ఇది ఉంటే అది ఉండడం, ఇది లేకపోతే అది లేకపోవడం అనే అన్వయ వ్యతిరేకాలు రెండూ చెవితోనే తేలతాయి. ఆ మూడుసార్లూ డిఎక్స్‌డయాగ్ తెరిచి చూసినా, సౌండ్ పేజీ అడుగున అదే వాక్యం ఉంటుంది.