నీటిబల్లికి మనం ఏమవుతాం?

తెలుగులో న్యూట్ అనే జీవికి పేరు లేదు. ఉండాల్సిన అవసరమూ రాలేదు. కప్పలకి దగ్గర చుట్టం, తోక ఉన్న ఉభయచరం. మన దేశంలో డార్జిలింగ్, సిక్కిం లాంటి కొండప్రాంతాల్లో ఒకటీ అరా ఉన్నాయి కానీ మన తెలుగు దేశంలో ఎక్కడా లేవు. అంచేత కాకినాడ నించి హ్యూస్టన్ లో మా ఇంటికి వచ్చిన మా అమ్మ, గాజుతొట్టెలో దాన్ని చూసి "నీటిబల్లి" అని నామకరణం చేసేసింది. శాస్త్రం ప్రకారం అది తప్పే. బల్లికి పొలుసులుంటాయి, దీనిది తడి చర్మం. అయినా ఆ పేరే మా ఇంట్లో ఖాయమైపోయింది. "బల్లి మన మీద పడితే ఏమవుతుందో చెప్పడానికి బల్లిశాస్త్రం ఉంది. బల్లే మన నెత్తిన పడితే ఏం చెయ్యాలో ఏ శాస్త్రంలో ఉందే?" అని అడిగింది అమ్మ. ఆవిడ హాస్యానికే అంది. నేను మాత్రం ఆ ప్రశ్నని వదిలించుకోలేకపోయాను.

అది మా ఇంటికి 2017 లో వచ్చింది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. దాని స్నేహితురాలి కుటుంబం ఊరు మారుతూ ఇచ్చి వెళ్ళారు. నాలుగంగుళాలు కూడా ఉండదు. వీపు నల్లగా, పొట్ట కుంకుమ రంగులో, మధ్యలో నల్లమచ్చలు. జాతి చైనాదే కానీ ఇది పుట్టింది మాత్రం టెక్సస్ లో, ఎవరిదో తొట్టెలో. (ఈ లెక్కన మా ఇంట్లో అమెరికా పౌరసత్వం పుట్టుకతో వచ్చినవాళ్ళు ఇద్దరు.) మా అమ్మాయి 2024 ఆగస్టులో కాలేజీకి ఆస్టిన్ వెళ్ళిపోయింది. వాళ్ళ హాస్టల్లో చేపల్ని తప్ప ఇంకే జంతువునీ ఉండనివ్వరు. అంచేత నీటిబల్లి నాకు మిగిలింది.

కొత్తగా దీన్ని పెంచబోయేవాళ్ళకి మొదట అర్థమయ్యేది, మనం పెంచేది న్యూట్ ని కాదు, నీళ్ళని అని. ఒకదానికి పది గేలన్ల తొట్టె చాలు. కానీ కుళాయి నీళ్ళు పట్టి పోసేస్తే కుదరదు. మన ఊళ్ళల్లో చాలాచోట్ల నీళ్ళల్లో క్లోరమిన్ కలుపుతారు. అది క్లోరిన్ లాగా ఒక రాత్రి ఉంచితే పోయేది కాదు, విరుగుడు మందు చుక్కలు వెయ్యాల్సిందే. ఆ తర్వాత అసలు కథ. జంతువు విసర్జించినది అమ్మోనియా అవుతుంది, అది విషం. దాన్ని కొన్ని బాక్టీరియాలు నైట్రైట్ గా మారుస్తాయి, అదీ విషమే. ఇంకొన్ని దాన్ని నైట్రేట్ చేస్తాయి, అది కాస్త నయం. ఈ బాక్టీరియా కాపురం నిలదొక్కుకోవడానికి నాలుగు నించి ఆరు వారాలు పడుతుంది. అంతదాకా జంతువుని ఖాళీ తొట్టెలోకి దింపకూడదు. ఫిల్టరు ఉండాలి కానీ నీరు ఏట్లో పారినట్టు పారకూడదు. మూత బిగువుగా ఉండాలి, తడికాళ్ళతో గాజు ఎక్కి వెళ్ళిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం చల్లదనం. అరవై నించి అరవై ఎనిమిది డిగ్రీల ఫారెన్ హీట్ దానికి హాయి. డెబ్భై ఐదు దాటి కొన్నాళ్ళుంటే జబ్బు పడుతుంది. ఇంటికి మొదట అమర్చేది హీటర్ కదా అనుకునే వాళ్ళుంటారు. దీనికి అక్కర్లేదు.

ఇక తిండి. మాది శాకాహారుల ఇల్లు. గుడ్డు కూడా లోపలికి రాదు. న్యూట్ కేమో వానపాములు కావాలి, మా ఊళ్ళో గేలానికి గుచ్చే ఎర్రలు అన్నమాట. మా ఫ్రీజర్లో ఒక మూల, కరివేపాకు పొట్లాలకి దూరంగా, గడ్డకట్టిన ఎర్రటి పురుగుల పలకలు ఉంటాయి. వారానికి రెండుమూడుసార్లు వానపామును బ్లేడుతో ముక్కలు కోసి, పట్టకారుతో అందిస్తాను. అమ్మ ఆ సమయానికి ఆ గదిలోంచి వెళ్ళిపోతుంది. ఒకరోజు తలుపు అవతల నించే లెక్క కట్టింది. వారానికి అరడజను చొప్పున ఇన్నేళ్ళకి ఎన్నయ్యాయే అని. రెండు వేలు దాటాయి. ఒక్క ప్రాణం నిలవడానికి రెండు వేల ప్రాణాలు. చెరువులో ఉన్నా అది అంతే తింటుంది కదమ్మా అన్నాను. "చెరువులో అయితే అది తింటుంది. ఇక్కడ నువ్వు కోస్తున్నావు" అంది.

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఉన్నట్టు నటించేవాళ్ళని నేను నమ్మను కూడా. బాధ పడగలదా లేదా అన్నదే కొలబద్ద అని బెంథామ్ 1789 లోనే అన్నాడు. ఆ కొలబద్దతో వానపాముని ఎక్కడ నిలబెట్టాలో నాకు తెలియదు, కత్తి తగిలినప్పుడు అది మెలికలు తిరగడం మాత్రం చూస్తున్నాను.

అమ్మ రెండో ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. "ఇంత చేస్తున్నావు, దానికి నువ్వెవరో తెలుసా?" తిండి వేళకి గాజు దగ్గరికి వస్తుంది. అది నా కోసం కాదు, పట్టకారు కోసం. ముట్టుకుంటే సంతోషించదు. మన చేతి వేడి, చేతికున్న ఉప్పు, సబ్బు దాని చర్మానికి మంచివి కావు. దాని చర్మంలో ఉన్న విషమూ మనకి మంచిది కాదు. ముట్టుకోవాల్సొస్తే తర్వాత చేతులు కడుక్కోవాలి. ఆరెగాన్ లో 1979 లో ఒక యువకుడు పందెం కాసి దీని చుట్టపు జాతి న్యూట్ ని మింగి ఆ రోజే చనిపోయాడు. కుక్క అయితే తోక ఊపుతుంది. పిల్లి కూడా తనకిష్టమైతే ఒళ్ళో కూచుంటుంది. దీన్ని ప్రేమించడం అంటే దీని మీద చెయ్యి వెయ్యకుండా ఉండడం.

భాగవతంలో జడభరతుడి కథ మీకు తెలిసిందే. రాజ్యం వదిలి తపస్సుకి వెళ్ళిన భరతుడు, ఏట్లో పడ్డ లేడిపిల్లని కాపాడి, సాకి, దాన్నే తలుచుకుంటూ ప్రాణం వదిలి, లేడిగా పుట్టాడు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నాకు అన్యాయంగా తోచేది. లేడిపిల్లని ఏట్లో వదిలెయ్యమన్నారా? ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. కథ తప్పు పట్టింది సాకడాన్ని కాదు. ఆ లేడి తనదేనన్న భ్రమనీ, అది కనబడకపోతే పడ్డ విరహాన్నీ. నీటిబల్లితో ఆ ప్రమాదం తక్కువ. ఈ మాట అనగానే గీతలోంచి నిష్కామకర్మని లాక్కొచ్చే మిత్రులు నాకున్నారు. నాకు ఫలాపేక్ష లేకపోలేదండీ, నీళ్ళు వాసన రాకుండా ఉంటే చాలని రోజూ కోరుకుంటాను.

మరి ఇంత చిక్కెందుకు, తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తే పుణ్యమూ పురుషార్థమూ కదా? పంజరం తలుపు తీసి చిలకని ఎగరెయ్యడం మనకి పుణ్యకార్యమే. కానీ ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. 2010 తర్వాత కొద్ది ఏళ్ళలోనే నెదర్లాండ్స్ అడవుల్లో సాలమాండర్లు ఒక శిలీంధ్రం వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2013 లో ఆ శిలీంధ్రానికి పేరు పెట్టారు. అది ఆసియాది. అక్కడి న్యూట్లు దాన్ని ఒంటిమీద మోస్తూ బతకగలవు, వాటితో పాటు పెంపుడు జంతువుల వ్యాపారంలో అది సముద్రాలు దాటిందని శాస్త్రజ్ఞుల నిర్ధారణ. అపలాచియన్ కొండల్లో ఉన్నన్ని రకాల సాలమాండర్లు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు కనక అమెరికా ప్రభుత్వం 2016 జనవరిలో 201 జాతుల దిగుమతిని ఆపేసింది. మా దాని జాతి అందులో ఉంది. మా నీటిబల్లికి ఆ రోగం ఉందని కాదు. కానీ దాన్ని వదిలితే టెక్సస్ ఎండకి అది చస్తుంది, చావకపోతే ఇంకోదాన్ని చంపొచ్చు. తొట్టెలోంచి తీసిన నీళ్ళు కూడా బ్లీచ్ కలపకుండా నేను బయట పొయ్యను.

అంటే చూడండి, ఉంచుకోవడం న్యాయమని ఒప్పుకోవడం కష్టం. వదలడం అంతకంటే అన్యాయం. ఎప్పుడో ఎవరో చైనాలో ఒక మడుగులోంచి దీని పూర్వీకుల్ని తీశారు. ఆ బాకీ చేతులు మారుతూ వచ్చి నా వంటింటి పక్కన ఆగింది. నేను చేసేది దయ అని అనిపించుకోవడం నాకిష్టం లేదు. దయ అయితే విసుగొచ్చిన రోజున మానెయ్యచ్చు.

2024 జూలై 8 న బెరిల్ తుఫాను వచ్చింది. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షల పైచిలుకు ఇళ్ళకి కరెంటు పోయింది. మాకు ఐదు రోజులు లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి తొట్టెలో నీళ్ళు ఎనభై దాటాయి. మావారు గంటన్నర వరసలో నిలబడి రెండు సంచుల ఐసు తెచ్చారు. పక్కింటి పెద్దావిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు, ఒంటరిది. ఇన్సులిన్ మీద ఉంది. మొదటి సంచి ఎవరికన్నది ఎవరమూ ఆలోచించలేదు. రెండో సంచి దగ్గర మావారు ఆగిపోయారు. "మీ అమ్మగారికి చల్లటి నీళ్ళు లేవు, నువ్వు బల్లికి ఐసంటావా?" అన్నారు.

న్యాయమైన మాట. ఒక్క ఐసుముక్కే ఉంటే ఇన్సులిన్ కే అని నేనూ అంటాను, రెండోది ఉంటే అమ్మకే. కానీ వరసలో చివర నిలబడ్డదానికి వరసలో చోటే లేదనడం వేరు. పెద్దావిడ తలుపు తట్టి అడగగలదు. అమ్మ "దాహమే" అనగలదు. ఆ తొట్టెలోది అడగలేదు, పైగా తలుపు తెరుచుకుని నీడ వెతుక్కోకుండా మూత బిగించింది మనం. చివరికి ఐసు పెట్టెలో ఒక పక్క ఇన్సులిన్ సంచీ, మధ్యలో దళసరి తువ్వాలు, ఇంకో పక్క డబ్బాలో చారెడు నీళ్ళల్లో నీటిబల్లి, పైన అమ్మ మంచినీళ్ళ సీసాలు సర్దాం. గంటకోసారి మూత తీసి గాలి పెట్టేవాళ్ళం. పెద్దావిడ మందు కోసం వచ్చినప్పుడల్లా దాన్నీ పలకరించేది. అది మాత్రం ఆవిడనీ గుర్తుపట్టలేదు.

ఈ జాతి జాగ్రత్తగా చూస్తే ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుంది. దీని జపాన్ చుట్టాల మీద ఒక ప్రయోగం చేశారు. కంట్లో కటకం తీసేస్తే మళ్ళీ పుట్టించుకుంటుందా అని పదహారేళ్ళలో పద్దెనిమిదిసార్లు తీశారు. ప్రతిసారీ పుట్టించుకుంది. చివరికి వాటి వయసు ముప్ఫై ఏళ్ళు ఉంటుందని అంచనా. ఫలితాలు 2011 లో వచ్చాయి. నాకు యాభై దాటాయి కనక, నా తర్వాత ఇది ఎవరిదన్నది వేళాకోళం ప్రశ్న కాదు. అమ్మాయిని అడిగాను. "నాదే కదమ్మా, ఉద్యోగం వచ్చాక తీసుకెళ్తా" అంది. ఆ ఉద్యోగం ఏ ఊళ్ళోనో, ఆ ఇంట్లో ఇంకెవరుంటారో దానికీ తెలియదు, నాకూ తెలియదు.

డిసెంబరులో నెలరోజులు కాకినాడ వెళ్ళాలి. ఎదురింటి కుర్రాడు చూస్తానన్నాడు. వాడికి రెండు పేజీలు రాసిచ్చాను: ఎన్ని చుక్కల మందు, ఏ రోజు తిండి, థర్మామీటరు ఎంత చూపిస్తే నాకు ఫోన్ చెయ్యాలి. చదివి, "దీంతో ఆడుకోవచ్చా ఆంటీ?" అన్నాడు. లేదన్నాను. కాసేపు తొట్టెకేసి చూసి, అయితే తిండి పెట్టే రోజులు ఇంకో రంగులో రాయమని పెన్ను అందించాడు.