మంచిది, మంచివాళ్ళు

విశేషణానికి బహువచనం ఉండాలా? ఇంగ్లీషుకి అక్కర్లేదు. ఒక్కడైనా పదిమందైనా ‘గుడ్’ గుడ్డే. ఇటాలియన్‌లో మంచి అబ్బాయి ‘బువోనో’, మంచి అమ్మాయి ‘బువోనా’, పదిమంది అమ్మాయిలు ‘బువోనే’. వాళ్ళలో ఒక్క అబ్బాయి చేరితే చాలు, అందరూ ‘బువోనీ’, అంటే మగ బహువచనం అయిపోతారు.

తెలుగుది ఇంగ్లీషు దారే అనిపిస్తుంది. మంచి పిల్లాడు, మంచి పిల్లలు: ‘మంచి’ కదలదు. కానీ దాన్ని వాక్యం చివరికి పంపి చూడండి. అతను మంచివాడు. ఆమె మంచిది. ఆ గేదె కూడా మంచిదే. ఆడవాళ్ళు పదిమందైతే మాత్రం మంచివాళ్ళు. గేదెలు పదైనా మంచివే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) స్త్రీనీ, పశుపక్ష్యాదులనీ, జడాన్నీ తీసేయగా మిగిలిందే ‘మహత్తు’. అంటే ఆడమనిషికి మనుషుల ప్రత్యయం దొరకాలంటే పక్కన ఇంకొకరుండాలి.

లేదా హోదా ఉండాలి. విజయవాడ అపార్ట్‌మెంట్లలో రోజూ వినేదే: “మేడమ్ వచ్చారు”, “పనమ్మాయి వచ్చింది”. పనివాడికి కనీసం ‘వచ్చాడు’ ఉంది. ఆమెకి అదీ లేదు. లిఫ్టు కూడా ‘వచ్చింది’ కదా!

వ్యాకరణం మనం పెట్టింది కాదు, నిజమే. “అమ్మ వచ్చింది”లో అవమానం లేదు, చనువుంది. కానీ గౌరవ బహువచనం ఎవరికివ్వాలో వ్యాకరణం చెప్పదు, మనమే తేలుస్తాం. “పనామె వచ్చారు” అనడానికి ఏ సూత్రమూ అడ్డురాదు. మనకే నోరు రాదు.