ఉబ్బసరోగి - ఏకాదశీ వ్రతము

చరకసంహిత చికిత్సాస్థానము 17వ అధ్యాయమున వర్ణితములైన ఐదు శ్వాసరోగములలో తమకశ్వాసము ఉబ్బసమునకు సన్నిహితము. మబ్బు, చల్లని నీరు, తూర్పుగాలి, కఫకరమగు ఆహారము దీనిని హెచ్చించునని ఆచార్యుడు తెల్పెను. రాత్రి కడుపునిండ భుజించి వెంటనే శయనించినచో కొందరికి ఆయాసము పెరుగునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. గీత 6వ అధ్యాయమున భగవానుడు బోధించిన మితాహారము ఔషధమునకు తోడే కాని మారు కాదు.

ఏకాదశినాడు మందు పీల్చినచో వ్రతభంగమగునని శంకించి, ఆయాసపడుచునే ఉపవసించు భక్తులు కలరు. ఆ శంక అనవసరము. నీరు, కందమూలములు, పండ్లు, పాలు, హవిస్సు, గురువచనము, ఔషధము మున్నగు ఎనిమిదియు వ్రతమును చెరుపవని మహాభారతము అభయమిచ్చుచున్నది. కావున రోగి నిత్యౌషధమును విడువక, తనకు పడని పదార్థమును వర్జించి, ద్వాదశీ పారణమున వెచ్చగ, మితముగ భుజింపవలెను. ఊపిరిని కాపాడుకొని హరినామము పలుకుటయు వ్రతమే.