కాలదోషం పట్టని బాకీ

బ్యాంకులో చేరిన కొత్తలో మాకు నేర్పే పాఠాల్లో కాలదోషం ఒకటి. ప్రామిసరీ నోటు మీద బాకీ మూడేళ్లలో వసూలు చెయ్యాలి, లేదా బాకీదారు చేత మళ్లీ రాయించుకోవాలి, లేదా దావా వెయ్యాలి. ఏదీ చెయ్యకపోతే నోటు చిత్తుకాగితం. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. గడువు దాటితే పోయేది దావా వేసే హక్కే. అప్పు అప్పుగానే ఉంటుంది.

కోటిపల్లి స్టేషన్ తలపుకొచ్చినప్పుడల్లా నాకీ మెలిక గుర్తొస్తుంది. యానాం వారికి ఆ ప్రాంతం కొత్త కాదు. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లో వచ్చింది. పన్నెండేళ్లే నడిచింది. రెండో ప్రపంచయుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. యుద్ధం 1945లో ముగిసింది. ఆ దారిలో మళ్లీ రైలు నడిచింది 2004లో!

యుద్ధకాలం, తప్పలేదు అంటారా? ఒప్పుకుంటాను. ఇల్లు అంటుకున్నప్పుడు పొరుగింటి బిందె అడక్కుండా తీసుకోవడం తప్పు కాదు. మంట ఆరాక తిరిగి ఇవ్వకపోవడం తప్పు. తీసుకున్నది తెల్లదొరలు, వాళ్లు వెళ్లిపోయారుగా అంటారా? అది ఒప్పుకోను. నడుస్తున్న వ్యాపారాన్ని చేతికి తీసుకున్నవాడు ఆస్తులతో పాటు అప్పులూ నెత్తికెత్తుకోవాలి. 1947లో రైళ్లు మనవయ్యాయి. ఆ పల్లెల బాకీ కూడా మనదే అయింది. వాళ్ల చేతిలో నోటు లేదు కాబట్టి అడిగే దారి లేదు, అంతే.

అసలు చిక్కు ఇంకొకటి. 1940లో పదేళ్ల పిల్లవాడికి 2004 నాటికి డెబ్బై నాలుగు. ఆనాటి పెద్దలు ఎప్పుడో వెళ్లిపోయారు. మనవల కాలానికి బస్సులొచ్చాయి. ఇవ్వవలసినవాళ్లు పోయాక ఇస్తే బాకీ తీరినట్టేనా?

చాలా ఏళ్ల క్రితం ఒక రైతుబిడ్డ మా బ్రాంచికి వచ్చి, చనిపోయిన తండ్రి పేరున ఉన్న కాలదోషం పట్టిన అప్పు కడతానన్నాడు. కట్టనక్కరలేదు బాబూ, చట్టం అడగదు అన్నాను. “చట్టం కోసం కాదు సార్. మా నాన్న పేరు మీ పుస్తకంలో అలా ఉండకూడదు” అన్నాడు.

ఆలస్యంగా తీర్చిన బాకీ పూర్తిగా తీరదు. అరవై నాలుగేళ్ల వడ్డీ ఎవరు లెక్క కట్టగలరు? అయినా తీర్చవలసిందే. ఎదుటివాడి కోసం కాకపోయినా, మన పేరు ఆ పుస్తకంలో అలా ఉండిపోకుండా.