రాలే పంటికి ఎంత శ్రద్ధ?

రాలిపోతుందని తెలిసిన పాలపంటి పట్ల మనిషి ధర్మం ఎంతవరకు అన్నది చిన్న ప్రశ్న కాదు. గాజువాకలో బిడ్డను దంతవైద్యుని దగ్గరకు తెచ్చే తల్లిదండ్రులు ‘ఎలాగూ ఊడే పన్నే కదా’ అనుకోవడం సహజమే అయినా, పాలదవడపళ్లు పది పన్నెండేళ్ల వయసు దాకా నిలిచి, నమలడానికి తోడ్పడుతూ, కింద పెరిగే శాశ్వతదంతానికి చోటు కాపాడతాయి. పుప్పి తీసిన గుంటలో పంటిరంగు రెసిన్ నింపేటప్పుడు లాలాజలం చేరితే పట్టు సడలి, అంచున సందు ఏర్పడి, పుప్పి మళ్లీ మొదలవుతుంది. అందుకే పన్ను పొడిగా ఉండేలా వైద్యులు దూదిచుట్టలు పెడతారు, లేదా 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ ప్రవేశపెట్టిన రబ్బరు డ్యామ్‌ను, అంటే చిల్లులోంచి పన్ను మాత్రమే పైకి వచ్చేలా తొడిగే పలుచని పొరను వాడతారు. దూదిచుట్టలతోనే సరిపెట్టిన చోట బిడ్డ నాలుక కదిపితే చాలు, ఆ పొడితనం పోతుంది కనుక, ఇక్కడ చేతి నైపుణ్యంతో సమానంగా ఓర్పు కావాలి.

రాలిపోయే పంటికి ఇంత ఓర్పు ఎందుకనే వారికి జవాబు దగ్గర్లోనే ఉంది. గాజువాకకు పడమరన, అనకాపల్లి చెంత బొజ్జన్నకొండపై విహారాలు తొలిపించిన బౌద్ధం సర్వం అనిత్యమని బోధించింది. అదే బౌద్ధం వినయపిటకంలో భిక్షువులకు దంతకాష్ఠాన్ని, అంటే పలుదోముపుల్లను, అనుమతించింది. అనిత్యతను ఉపేక్షకు సాకుగా చూపేవారు ఈ రెండో మాటను మరచిపోతున్నారు. పన్నుకు గడువుంది గాని, రాత్రివేళ బిడ్డ పడే నొప్పి సంపూర్ణంగా నిజం. ఎంత ప్రయత్నించినా నోరు ఆరని పసివారికి, తేమను కొంత ఓర్చుకునే గ్లాస్ అయానమర్ సిమెంటు నింపడం కూడా ఆ శ్రద్ధలో భాగమే.