ధనుర్విద్య - ఆత్మనిగ్రహము

ఆయుధబలము కలుగుట వేరు, దానిని ధర్మము తప్పక వినియోగించు వివేకము కలుగుట వేరు. మొదటిదానికై పడిన శ్రమ రెండవదానిని కూడ ప్రసాదించునా అన్నది విచారింపదగిన ప్రశ్న.

వింటికి మొదట దేహబలము కావలెను. 1545లో మునిగి, 1982లో సముద్రగర్భమునుండి వెలికితీయబడిన 'మేరీ రోజ్' అను ఇంగ్లండు యుద్ధనౌకలో నూటికి పైగా విండ్లు లభించినవి. వానిలో పెక్కింటిని పూర్తిగా లాగుటకు 45 కిలోలు మొదలు 80 కిలోల వరకు బలము కావలసియుండెనని పరిశోధకుల అంచనా. అట్టి బలము చిన్ననాటినుండి అభ్యసించిన వారికే అలవడును. దానికి తోడు దూరమును, గాలిని ఎరిగి గురిచూచు నేర్పు అవసరము.

తుపాకిలో గుండును నడుపు బలము మందుది, మనుష్యునిది కాదు. వత్తితో పేల్చు నాటి తుపాకిని ఒకమారు పేల్చి మరల నింపులోగా విలుకాడు పలు బాణములు వేయగలిగెడివాడు. అయినను కొలదికాలపు శిక్షణతో సామాన్యుడును దానిని ప్రయోగింపగలుగుట ప్రభుత్వములను ఆకర్షించినది. 1595లో ఇంగ్లండు ప్రభుత్వము తన శిక్షితదళములలో విలుకాండ్రను ఇక చేర్చుకొనరాదని ఆదేశించెను.

అట్లైన విల్లు పట్టినవాడు నిగ్రహవంతుడనియు, తుపాకి పట్టినవాడు కాడనియు తలంపవచ్చునా? మహాభారతము అట్లు చెప్పదు. అర్జునుడును, అశ్వత్థామయు ఒకే గురువునొద్ద చదివినవారు. ఇరువురును బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించిరి. వ్యాసనారదులు మధ్య నిలిచినపుడు అర్జునుడు ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామ అందులకు అశక్తుడై, దానిని పాండవస్త్రీల గర్భములపైకి మరల్చెను. ఉత్తరాగర్భమందలి శిశువును శ్రీకృష్ణభగవానుడు కాపాడవలసివచ్చెను. అస్త్రవిద్య ఇద్దరికిని అబ్బినది. నిగ్రహము ఒక్కనికే అబ్బినది.

కావున కఠోరాభ్యాసము నిగ్రహమును తప్పక ఇచ్చునని చెప్పలేము. అయితే అది శిష్యుని అనేక సంవత్సరములు గురుసన్నిధిలో నిలిపెడిది. ఎప్పుడు ప్రయోగింపవలెనో, ఎప్పుడు ప్రయోగింపరాదో తెలిసికొనుటకు అది చక్కని అవకాశము. శ్రమలేక లభించిన శక్తి ఆ అవకాశమునే హరించును. తుపాకికే కాదు, అనాయాసముగా వచ్చిన ధనమునకును, అధికారమునకును ఇది వర్తించును. అట్టి శక్తి చేతికి వచ్చినవాడు నిగ్రహమును వేరుగా, ప్రయత్నపూర్వకముగా సాధింపవలెను.

రావణుని విల్లు విరిగి, కిరీటము తెగిపడిన వేళ శ్రీరామచంద్రుడు అతనిని వధింపక, ఇంటికి పోయి విశ్రమించి మరల రమ్మని పంపెను. కోదండపాణిని సేవించు మనము ఆయన సంధించిన బాణములతోపాటు, ఆనాడు సంధింపని ఆ బాణమును కూడ స్మరింపవలెను.